యూకేలో కేర్ పనిలో ఉన్నారా? రోడ్డు మీద గడిపే టైమ్‌కి జీతం వస్తోందో లేదో ఇలా లెక్కేసుకోండి

ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్లకి స్నానం చేయించి, మందులిచ్చి, తినిపించి వచ్చే డొమిసిలియరీ కేర్‌లో ఉన్న మనవాళ్లకి పొద్దుటి నుంచి రాత్రి దాకా పని చేసినా నెలాఖరుకి డబ్బు తక్కువే పడుతోందని తెలుసు గానీ, అది ఎక్కడ పోతోందో తెలియదు. చాలాసార్లు పోయేది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లే దారిలోనే.

21 ఏళ్లు నిండినవాళ్లకి చట్టప్రకారం కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. మీ కంపెనీ 13 ఇస్తానంటే బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ 13 క్లయింట్ ఇంట్లో ఉన్న నిమిషాలకేనా? కాల్‌కీ కాల్‌కీ మధ్య, అంటే ఒక క్లయింట్ ఇంటి నుంచి ఇంకో క్లయింట్ ఇంటికి, చేసే ప్రయాణం కూడా పని కిందే లెక్క. మీ ఇంటి నుంచి మొదటి కాల్‌కి, చివరి కాల్ నుంచి ఇంటికి పట్టే టైమ్ మాత్రం లెక్కలోకి రాదు.

ఇళ్లలో 8 గంటలు, మధ్యలో ప్రయాణం 2 గంటలు అనుకోండి. వాళ్లిచ్చేది 8 × 13, అంటే 104 పౌండ్లు. మీరు పని చేసింది 10 గంటలు. గంటకి 10.40 పడింది, అంటే కనీస వేతనం కంటే తక్కువ. ఒక్క రోజు చూసి గొడవకి దిగకండి, నెల జీతమైతే నెల మొత్తానికి ఇలాగే వేయాలి. మైలేజ్ కింద ఇచ్చే డబ్బుని జీతంలో కలపొద్దు, అది మీ పెట్రోల్‌కి. అసలు మైలేజే ఇవ్వకపోతే ఆ ఖర్చుని జీతంలోంచి తీసేసి లెక్క కట్టండి.

కంపెనీ యాప్‌ని నమ్ముకుని కూర్చోకుండా మీ సొంత లెక్క రాసుకోండి. ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి బయటపడ్డారు, తర్వాతి ఇంటికి ఎప్పుడు చేరారు. డైరీలో క్లయింట్ల పేర్లు వద్దు, పోస్ట్‌కోడ్‌లో మొదటి భాగం చాలు. గంటల్ని బట్టి జీతం మారేవాళ్లకి ఎన్ని గంటలకి ఇచ్చారో పేస్లిప్ మీద చూపించాల్సిందే, ఆ అంకెని మీ డైరీ పక్కన పెట్టి చూడండి. వీసా కోసం కంపెనీ ఇచ్చిన స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో రాసిన గంటలూ జీతమూ కూడా చూసుకోండి.

తేడా కనిపిస్తే మేనేజర్‌ని ఈమెయిల్‌లోనే అడగండి, నోటిమాటకి రుజువు ఉండదు. జవాబు రాకపోతే ఉద్యోగ హక్కుల మీద ఉచితంగా సలహా ఇచ్చే ఏకాస్ హెల్ప్‌లైన్ 0300 123 1100కి ఫోన్ చేయండి. ఉద్యోగ వివాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లే గడువు తక్కువ కాబట్టి ఈ ఫోన్ వాయిదా వేయకండి. కనీస వేతనం అడిగినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం మొదటి రోజు నుంచే చట్టవిరుద్ధం. యూనిసన్ లాంటి యూనియన్‌లో గొడవ వచ్చాక కాదు, ఇప్పుడే చేరండి.

ఇక అసలు భయం వీసా. "ఎక్కువ మాట్లాడితే స్పాన్సర్‌షిప్ రద్దు చేస్తాం" అని బెదిరించేవాళ్లున్నారు, ఆ మాటకి వణికిపోయి నెలల తరబడి తక్కువ జీతానికే పని చేసేవాళ్లూ ఉన్నారు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మనుషుల కోసం వెతుక్కుంటున్నది ఆ కంపెనీలే. కేర్ రంగం గణాంకాలు సేకరించే స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ లెక్కప్రకారం 2024-25లో ఒక్క ఇంగ్లాండ్‌లోనే 1,11,000 కేర్ ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయి. పైగా 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి కొత్త కేర్ వర్కర్లని తెచ్చుకునే దారి మూసేశారు. అంటే ఇప్పటికే ఇక్కడున్న అనుభవజ్ఞులకి గిరాకీ ఉంది. తమ కంపెనీ స్పాన్సర్ లైసెన్స్ పోయిన కేర్ వర్కర్లకి కొత్త యజమానిని వెతికిపెట్టడానికి ఇంగ్లాండ్‌లో ప్రాంతాలవారీగా రీజినల్ పార్ట్‌నర్‌షిప్‌లు ఉన్నాయి, వాళ్లని సంప్రదించండి.

మారాలనుకుంటే వరుస తప్పకండి. ముందు కొత్త స్పాన్సర్, తర్వాత వీసా దరఖాస్తు, అది ఆమోదం పొందాకే కొత్త చోట చేరడం. పాత ఉద్యోగానికి నోటీస్ ఇచ్చే ముందే రోటాలూ (డ్యూటీ టైమ్‌టేబుళ్లు) పేస్లిప్‌లూ అన్నీ మీ సొంత ఫోన్‌లోకి దించుకోండి, మానేశాక యాప్‌లోకి వెళ్లనివ్వకపోవచ్చు.