షుగరున్న ఇంట్లో గుండెను, రక్తనాళాలను కాపాడుకునే పద్ధతి

రాజాం దగ్గర మా ఊళ్లో, మా నాన్నకు షుగరు వచ్చి పదకొండేళ్లయిన ఏడాది, ఊడ్పుల రోజుల్లో ఒక ఉదయం ఆయన గట్టు మీద కూలబడ్డారు. చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట పట్టింది. ఛాతీలో నొప్పి లేదు. "ఏటీ కాలేదురా, గేసు పట్టింది" అన్నారు. సోడా తాగించి సాయంత్రం దాకా చూశాం. మర్నాడు తీసిన ఈసీజీలో గుండెపోటని తేలింది. ఆయన పరగడుపు షుగరు ఎంతో మా అందరికీ తెలుసు గాని, బీపీ ఎంతో, చెడు కొవ్వు ఎంతో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. షుగరు అంటే రక్తనాళాల జబ్బు కూడానని తెలియక చేసిన తప్పు అది.

రక్తనాళం లోపలి గోడకు ఎండోథీలియం అనే పల్చటి పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడును విడుదల చేస్తూ నాళాన్ని సడలించి ఉంచుతుంది, రక్తం గోడకు అంటి గడ్డకట్టకుండా చూస్తుంది. గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పొర దెబ్బతింటుంది, గోడలోని మాంసకృత్తులకు గ్లూకోజు అతుక్కుని నాళం బిరుసెక్కుతుంది, ఎల్‌డీఎల్ అనే చెడు కొవ్వు గోడలోకి దిగి పేరుకుంటుంది. ఆ పేరుకున్న కొవ్వు పైపొర ఏనాడైనా చిట్లితే దాని మీద రక్తం గడ్డకడుతుంది. అది గుండె నాళంలో జరిగితే గుండెపోటు, మెదడు నాళంలో జరిగితే పక్షవాతం. పొట్టలోనూ కాలేయంలోనూ చేరిన కొవ్వు ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అప్పుడు కాలేయం ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వును రక్తంలోకి ఎక్కువగా వదులుతుంది, మంచి కొవ్వు హెచ్‌డీఎల్ పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఇదంతా షుగరు బయటపడడానికి ఏళ్ల ముందే మొదలై ఉండవచ్చు. నరాలు కూడా దెబ్బతింటాయి గనుక కొందరికి గుండెపోటు నొప్పి లేకుండానే వస్తుంది.

అందుచేత ఒక నోటుబుక్కు పెట్టి, షుగరుతో పాటు మిగతా అంకెలు కూడా రాయండి. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు ఉండాలి; వృద్ధులకు, తరచుగా షుగరు పడిపోయేవారికి డాక్టరు ఈ హద్దును కొంత సడలిస్తారు. ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు ఉండాలంటారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. చీర ముడి మీద నుంచి కాకుండా, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలిన తర్వాత కొలవాలి. అన్నిటికంటే ఎక్కువగా అశ్రద్ధ చేసేది బీపీని. దాన్ని 130/80 లోపు ఉంచుకోవాలి. 1998లో వెలువడిన యూకేపీడీఎస్ అనే బ్రిటన్ అధ్యయనంలో, షుగరున్నవారికి బీపీని గట్టిగా అదుపు చేసినప్పుడు పక్షవాతాలు 44 శాతం తగ్గాయి. బీపీ చూసుకునే ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. టీ తాగిన వెంటనే, నడిచి వచ్చిన వెంటనే చూస్తే అంకె తప్పుతుంది.

నరాలు దెబ్బతింటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది గనుక, రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మా అమ్మ ఇప్పుడు నేల మీద అద్దం పెట్టి, టార్చి వేసి, అరికాలునూ వేళ్ల సందులనూ చూస్తుంది. ఒకసారి మడమలో దిగిన తుమ్మముల్లు అలాగే దొరికింది. అది గుచ్చుకున్న సంగతే ఆమెకు తెలియదు. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతున్నాయంటే కాలి నాళాలు సన్నబడుతున్నాయేమో డాక్టరుకు చూపించాలి.

చోడి అంబలి ఎంత తాగినా షుగరు పెరగదని మన ప్రాంతంలో ఒక అపోహ గట్టిగా ఉంది. చోళ్లు (రాగులు) మంచివే గాని, మెత్తటి పిండిని పల్చగా కాచిన చోడి అంబలిని గ్లాసుల కొద్దీ తాగితే షుగరు త్వరగానే ఎక్కుతుంది. తాగిన రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుంటే ఎవరికి వారికే తెలుస్తుంది. కంచంలో సగం కూరలుండి, అన్నం పావు వంతుకు తగ్గితే మేలు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచా మించకూడదు గనుక ఎండు చేపలు, ఊరగాయలు రోజూ వద్దు. పొలం పని ఏడాది పొడుగునా ఉండదు; పని లేని రోజుల్లో భోజనం తర్వాత పావుగంట నడవాలి.

చుట్ట మానాలి. నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మన తీరప్రాంతపు పెద్దమ్మలకు నోటి క్యాన్సరు భయం చెబుతారు గాని, ఆ పొగ నాళాలనూ పాడుచేస్తుందని చెప్పేవారు తక్కువ.

అంకె తగ్గిందని చెడు కొవ్వును తగ్గించే మాత్ర ఆపేయడం చాలా ఇళ్లలో జరుగుతోంది. మాత్ర వేసుకోబట్టే అది తగ్గింది. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్ప్రిన్‌ను సొంతంగా మొదలుపెట్టవద్దు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు ఉద్దానం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ షుగరు లేనివారిలో కూడా కిడ్నీ జబ్బు ఎక్కువ, కిడ్నీ దెబ్బతింటే గుండెకు ముప్పు పెరుగుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే పరీక్షలు, అంటే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ కనీసం ఏడాదికోసారి చూపించుకోవాలి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదును కూడా కిడ్నీ పనితీరును బట్టే నిర్ణయిస్తారు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగవద్దు, అవి కిడ్నీని దెబ్బతీయవచ్చు.

షుగరున్న మనిషికి అకారణంగా చెమట పట్టినా, ఆయాసం వచ్చినా, దవడలో గాని ఎడమ చేతిలో గాని పొట్ట పైభాగంలో గాని బిగువుగా ఉన్నా గ్యాస్ అనుకోవద్దు. వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. 70కి పైన ఉంటే, మనిషి మింగలేకపోతే, లేదా పావుగంటలో తేరుకోకపోతే 108కు ఫోన్ చేయండి. గ్లూకోమీటరు దగ్గర లేకపోతే దాని కోసం వెతుకుతూ ఆగవద్దు. గుండెనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే దాదాపు ఉపయోగపడదు. మేము ఆ గంటలను సోడా తాగిస్తూ గడిపేశాం. మా ఇంట్లో ఇప్పుడు నోటుబుక్కు, మాత్రల చీటీ, పాత ఈసీజీ కాగితం ఒకే సంచిలో పెట్టి వీధి గుమ్మం పక్కన మేకుకు తగిలించాం. అంబులెన్సు వస్తే మనిషితో పాటు ఆ సంచీ ఎక్కుతుంది.