వానలకు ముందు టేకు టేబుల్ చేయిస్తున్నారా?

మే నెలలో ఇంటి పనులతో పాటు డైనింగ్ టేబుల్ కూడా చేయించేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ప్లైవుడ్ అయితే ఫరవాలేదు. అచ్చంగా టేకు పలకలతో చేయిస్తుంటే మాత్రం రాబోయే వానల్ని ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి. ఎండలకు బాగా ఎండిన చెక్క వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. పొడవులో తేడా లేనట్టే. వెడల్పులో మాత్రం, మూడడుగుల వెడల్పున్న టేబుల్ పైపలకకు 5, 6 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. చాలా కర్రలతో పోలిస్తే టేకు కదలిక తక్కువే, అయినా ఇంత ఉంటుంది. దాన్ని ఆపలేం, దారి ఇవ్వాలి.

ఎక్కువగా దెబ్బతినేది అడుగున బిగించే చోటే. పైపలక కింద అడ్డంగా వేసే పట్టీలకు ఫెవికాల్ పూసి, స్క్రూలతో బిర్రుగా బిగిస్తే గట్టిగా ఉంటుందని కొందరు మేస్త్రీలు అంటారు. కానీ పట్టీ తన పొడవునా పెరగదు, దాని మీదున్న పలక వెడల్పుగా పెరుగుతుంది. అందుకే వానల్లో పలక ఉబ్బి వంపు తిరుగుతుంది, మళ్లీ ఎండలొచ్చేసరికి చీలుతుంది. పట్టీకి జిగురు అస్సలు వద్దని చెప్పండి. మధ్య స్క్రూ ఒక్కటే మామూలు బెజ్జంలో ఉండాలి. రెండు పక్కలవి పలక వెడల్పు వైపు సాగదీసిన పొడుగు బెజ్జాల్లో, వాషర్ వేసి బిగించాలి. వాషర్ వేయకముందు వంగి చూడండి, స్క్రూకి అటూ ఇటూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కనబడాలి. మిగతా పని మేస్త్రీకి వదిలేసినా ఇది మాత్రం దగ్గరుండి చూసుకోండి.

కర్ర కొనేటప్పుడు "పాత సరుకే సార్" అన్న మాట చాలదు. అంగుళం మందం పచ్చి పలక గాలికి ఆరడానికి సుమారు ఏడాది పడుతుంది. ఒక ముక్క కోయించి, కోసిన చోట మాయిశ్చర్ మీటర్ పెట్టించండి. 12 శాతం లోపుంటే తీసుకోవచ్చు. తెచ్చాక టేబుల్ ఉండబోయే గదిలోనే, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి రెండు మూడు వారాలు ఉంచండి. నాలుగైదు అంగుళాల వెడల్పు పలకల్ని పక్కపక్కన అతికిస్తే చాలు. ఒకే పెద్ద పలక చూడ్డానికి బాగుంటుంది గానీ వంపు తిరిగితే అదుపు చేయడం కష్టం. చిత్రిక రెండు వైపులా సమంగా పట్టించాలి. అతికించిన పలకను నేల మీద పడుకోబెట్టి వదిలేయొద్దు, ఒక వైపే గాలి తగిలి వంగుతుంది.

పాలిష్ పైన ఎన్ని కోట్లు వేస్తే అడుగునా అన్నే వేయించండి. కనబడని వైపు ఎందుకని అక్కడ మిగుల్చుకుంటే, తేమ ఆ వైపు నుంచే ఎక్కువగా ఎక్కుతుంది. ముసురు పట్టిన రోజు లక్క పాలిష్ వేయిస్తే తెల్లబడుతుంది, ఆగడమే మంచిది.

తొలి వానలకు కాస్త వంపు కనిపిస్తే కంగారుపడి చిత్రిక పట్టించకండి. చలికాలం దాకా చూడండి. అప్పటికీ దిగకపోతే ముందు స్క్రూలు విప్పి, ఏ బెజ్జంలో పట్టేసిందో చూడమనండి.