ఇంజను వెనుక ఆయిలు కారితే ముందుగా పైన చూడండి: పెంటాస్టార్ ఆయిల్ కూలర్ మరమ్మతు, ఆ తరువాత వచ్చే వాక్యూమ్ లీకు

జీప్ రాంగ్లర్, గ్రాండ్ చెరోకీ, డాడ్జ్ గ్రాండ్ కారవాన్ వంటి బండ్లలో 2011 మోడల్ నుంచి (రాంగ్లర్‌లో 2012 నుంచి) వచ్చిన 3.6 లీటర్ల పెంటాస్టార్ వి6 ఇంజనుకు ఒక ప్రసిద్ధమైన బలహీనత ఉంది. అమెరికాలో ఈ బండ్లు నడుపుతున్న మనవాళ్లు దాన్ని తెలుసుకుని ఉంటే అనవసరంగా గేరుబాక్సు దింపించుకునే ఖర్చు తప్పుతుంది.

లక్షణం: ఇంజను, గేరుబాక్సు కలిసే చోట ఆయిలు చుక్కలు

బండి నిలిపిన చోట మరక కనబడగానే చాలామంది మెకానిక్‌లు క్రాంక్‌షాఫ్టు (ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు) వెనుక సీలు పోయిందని, గేరుబాక్సు దింపి మార్చాలని చెబుతారు. ఆ మాటకు ఒప్పుకునే ముందు కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. వెనుక సీలు ఎంత పాడైనా కూలెంటు తగ్గదు; ఆయిలుతో పాటు కూలెంటు కూడా తగ్గుతుంటే అనుమానించవలసింది ఆ కూలెంటుతో ఆయిలును చల్లబరిచే ఆయిల్ కూలర్‌నే.

ఈ ఇంజనులో ఆయిల్ ఫిల్టరు, కూలర్ రెండూ ఒకే ప్లాస్టిక్ హౌసింగుకు (వాటిని పట్టి ఉంచే తొడుగుకు) అమర్చి ఉంటాయి. అది రెండు సిలిండర్ వరుసల మధ్య పల్లంలో, ఇన్‌టేక్ మానిఫోల్డు (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగం) కింద ఉంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారడం వల్ల ప్లాస్టిక్ వంగడమో పగలడమో జరుగుతుంది, ఓ-రింగులు (లీకు కాకుండా ఆపే రబ్బరు వలయాలు) గట్టిపడతాయి. కారిన ద్రవం ఆ పల్లంలో నిండి, వెనుక వైపు నుంచి గేరుబాక్సు మీదికి జారుతుంది కాబట్టి నింద వెనుక సీలు మీద పడుతుంది. సన్నని కెమెరాను పల్లంలోకి దించి చూస్తే సందేహం తీరుతుంది.

లక్షణం: కూలెంటు సీసాలో గోధుమరంగు మీగడ

ఇది లోపలి లీకు. ఇంజను నడుస్తున్నప్పుడు ఆయిలు పీడనం కూలెంటు పీడనం కంటే ఎక్కువ కాబట్టి ఆయిలే కూలెంటులోకి పోతుంది. అందువల్ల డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) శుభ్రంగా ఉన్నంత మాత్రాన కూలర్ బాగుందని అనుకోకూడదు. అయితే హెడ్ గ్యాస్కెట్టు (సిలిండర్ల పైభాగాన్ని మూసే పట్టీ) పోయినా ఇలాంటి మీగడే కనబడవచ్చు. రేడియేటరు దగ్గర దహనవాయువులను పసిగట్టే నీలిరంగు రసాయన పరీక్ష చేయించండి. రంగు పసుపుగా మారితే సమస్య హెడ్ గ్యాస్కెట్టు వైపు ఉన్నట్టు.

పరిష్కారం

ఇంజను పూర్తిగా చల్లారాక ఇంధన పీడనం వదిలించి, కూలెంటు దింపి, పై మానిఫోల్డు, తరువాత కింది మానిఫోల్డు తీయాలి. మానిఫోల్డు లేచిన మరుక్షణం తెరుచుకున్న ఇన్‌టేక్ రంధ్రాలను శుభ్రమైన గుడ్డలతో మూయండి. అందులో పడిన చిన్న నట్టు ఇంజనునే బలితీసుకోగలదు. పాత హౌసింగుకు కొత్త ఓ-రింగులు మాత్రమే వేయడాన్ని నేను సమర్థించను, ఎందుకంటే వంగిన ప్లాస్టిక్‌ను కొత్త రబ్బరు సరిచేయలేదు. కూలర్‌తో సహా హౌసింగు మొత్తం మార్చడమే మేలు, అల్యూమినియంతో చేసినది దొరికితే ఇంకా మంచిది. బోల్టులను సర్వీసు మాన్యువల్ చెప్పిన వరుసలో, టార్కు రెంచితోనే బిగించాలి. పల్లాన్ని పూర్తిగా తుడిచి పొడిగా వదలండి. లేకపోతే రేపు కారినది పాతదో కొత్తదో తెలియదు.

ఆయిలు కలిసిన కూలెంటును ఒక్కసారి కడిగితే పోదు. నీళ్లు తేటగా వచ్చేవరకు కడగాలి, ఉబ్బిన రబ్బరు గొట్టాలను మార్చాలి. 2013 మోడల్‌కు ముందు, 2013 మోడల్ నుంచి ఈ బండ్లలో వాడిన కూలెంటు రకాలు వేరు, వాటిని కలపకూడదు.

లక్షణం: మరమ్మతు తరువాత ఐడ్లింగ్ పెరగడం, ఈల శబ్దం

మరమ్మతుకు ముందు లేని వాక్యూమ్ లీకు (మానిఫోల్డు సందుల్లోంచి బయటి గాలి లోపలికి దూరడం) తరువాత వచ్చిందంటే, చేయి పెట్టిన చోటే వెతకాలి. పాత మానిఫోల్డు గ్యాస్కెట్టును తిరిగి వాడడం, అది గాడిలోంచి జారడం, పీసీవీ గొట్టమో (క్రాంక్‌కేసు ఆవిర్లను లాగేది) పర్జ్ గొట్టమో (పెట్రోలు ఆవిర్లను తెచ్చేది) చివరిదాకా ఎక్కకపోవడం సాధారణ కారణాలు. బ్రేకు పెడలు గట్టిగా మారితే బ్రేకుకు బలమిచ్చే బూస్టరు గొట్టాన్ని మొదట చూడండి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే సెన్సరున్న ఇంజన్లలో, లీకు ఉంటే ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటరు ఇంధనంలో చేసే సవరణ) బాగా పెరిగి 2,500 ఆర్‌పీఎం దగ్గర తగ్గుతుంది. పెంటాస్టార్ మానిఫోల్డు పీడనాన్ని కొలిచి ఇంధనాన్ని లెక్కిస్తుంది కనుక, అదనపు గాలికి తగ్గ ఇంధనం కూడా ఇచ్చేస్తుంది. ట్రిమ్ దాదాపు మామూలుగా ఉండి, ఐడ్లింగ్ మాత్రం పెరిగి పి0507 కోడు (ఐడ్లింగ్ వేగం ఉండవలసినదాని కంటే ఎక్కువని సూచించేది) రావచ్చు. ట్రిమ్ బాగుందని లీకును కొట్టిపారేయకండి.

వాక్యూమ్ గేజి సముద్రమట్టం దగ్గర ఐడ్లింగ్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం కొలతలో) చూపాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి మైలు ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలో అయిదు అంగుళాలు తక్కువ రావడం సహజమే. లీకు చోటు కనిపెట్టడానికి కార్బ్యురేటరు క్లీనరు చల్లే పద్ధతి వేడి ఇంజను మీద మంటలకు దారితీస్తుంది. తక్కువ పీడనంతో పొగ పంపి చూడడం సురక్షితం, పొగ ఎక్కడ లేస్తే అక్కడే లీకు.

వారం నడిపిన తరువాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు మట్టం చూసి, పల్లంలోకి మరొకసారి కెమెరా దించండి. అక్కడ పొడిగా ఉండి, కింద కొత్త చుక్కలు కూడా పడకపోతే వెనుక సీలు గురించి మళ్లీ ఆలోచించవలసిన పని లేదు.