బడి హద్దు లోపల అద్దె ఇల్లు: అమెరికాలో పిల్లలున్న కుటుంబం వెతుక్కోవలసిన తీరు

అమెరికాలో ప్రభుత్వ బడిలో చేరడానికి మామూలుగా ఫీజు కట్టనక్కర్లేదు, ప్రవేశ పరీక్ష రాయనక్కర్లేదు. పిల్లలు ఏ బడికి వెళ్లాలన్నది ఎక్కువ చోట్ల ఆ కుటుంబం ఉంటున్న ఇంటి చిరునామాను బట్టి ఖరారవుతుంది, ఆ ఇల్లు సొంతమా అద్దెదా అన్న తేడా ఇందులో లేదు. కాబట్టి ముందు ఇల్లు చూసుకుని, తరువాత దాని బడి ఏదో తెలుసుకునే పద్ధతిని తిరగేయాలి. బడిని ఎంచుకుని, దాని హద్దు గీత ఎక్కడెక్కడ వెళ్తోందో చూసి, ఆ గీత లోపల ఖాళీగా ఉన్న ఇళ్లకే పరిమితం కావాలి. వంటగది బాగుందనో ఆఫీసుకు దగ్గరనో డిపాజిట్ కట్టేశాక, ఆ ఇల్లు అనుకున్న బడి కిందికి రాదని తెలుసుకునే కుటుంబాలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి.

అన్నిటికంటే ముందు ఊరి పేరును నమ్మడం మానాలి. చిరునామాలో కనిపించే ఊరు తపాలా వారి సౌకర్యం కోసం ఏర్పడినది. స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది బడులను నడిపే వేరే పాలనా విభాగం, దాని హద్దులు నగరం హద్దులతో సరిపోవాలన్న నియమం లేదు. డాలస్ ప్రాంతంలో వ్యాలీ రాంచ్ ఇర్వింగ్ నగరంలోనే ఉన్నా, అక్కడి ఇళ్లు కొన్ని కొప్పెల్ ఐఎస్‌డీకి (ఐఎస్‌డీ అంటే ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్), కొన్ని క్యారల్‌టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీకి చెందుతాయి. ఫ్రిస్కో ఐఎస్‌డీ పరిధి ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ నగరాల్లోని కొన్ని భాగాలకు కూడా విస్తరించి ఉంది. అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫారెటా చిరునామా గల ఇళ్లలో కొన్ని ఫుల్టన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), కొన్ని ఫోర్సైత్ కౌంటీలో ఉంటాయి, ఆ రెండు కౌంటీల బడుల వ్యవస్థలు వేర్వేరు. న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ పేరుతో ఉత్తరాలు అందుకునే ఇళ్లు చాలా ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్, సౌత్ బ్రన్స్‌విక్ వంటి పక్క టౌన్‌షిప్పుల్లో ఉంటాయి. కాలిఫోర్నియాలో డిస్ట్రిక్ట్ పేరు కూడా తికమక పెడుతుంది: ఫ్రీమాంట్ యూనియన్ హైస్కూల్ డిస్ట్రిక్ట్ నడిపేది కూపర్టీనో, సన్నీవేల్ వైపు హైస్కూళ్లను, ఫ్రీమాంట్ నగరంలోని బడులను నడిపేది ఫ్రీమాంట్ యూనిఫైడ్ అనే వేరే డిస్ట్రిక్ట్. పైగా కూపర్టీనో వైపు ఎనిమిదో తరగతి వరకు ఒక డిస్ట్రిక్ట్, హైస్కూల్‌కు ఇంకొక డిస్ట్రిక్ట్ కావడం వల్ల ఒకే ఇంటికి రెండింటినీ విడివిడిగా సరిచూసుకోవాలి. ఈ గజిబిజి అద్దెకుండేవారికి ఒక్కోసారి మేలు కూడా చేస్తుంది. పేరున్న ఊరిని మాత్రమే వెతికేవారు పక్క ఊరి పేరుతో ఉండి అదే డిస్ట్రిక్ట్‌లోకి వచ్చే అంచు ఇళ్లను చూడకుండానే వదిలేస్తారు.

డిస్ట్రిక్ట్ ఏదో తేలాక, దాని లోపల ఒక్కొక్క బడికీ ఉన్న అటెండెన్స్ జోన్‌ను, అంటే ఆ బడికి పిల్లలు వచ్చే ప్రాంతాన్ని చూడాలి. చాలా డిస్ట్రిక్టుల వెబ్‌సైట్లలో స్కూల్ లొకేటర్ అనే సదుపాయం ఉంటుంది. ఇంటి నంబరు, వీధి పేరు ఇస్తే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడింటి పేర్లూ చూపిస్తుంది. దానిలో వీధి పేరు ఒక్కటే వేసి తృప్తి పడకూడదు. హద్దు గీత వీధి మధ్యగా వెళ్లినప్పుడు ఒకవైపు సరి సంఖ్యల ఇళ్లకు ఒక బడి, ఎదురుగా ఉన్న బేసి సంఖ్యల ఇళ్లకు వేరొక బడి రావడం కద్దు. ఒకే పేరుతో ఒక డ్రైవ్, ఒక లేన్, ఒక కోర్ట్ పక్కపక్కనే ఉండే కాలనీల్లో చివరి ఆ ఒక్క పదం తప్పు పడినా ఫలితం మారిపోతుంది. కొన్ని లొకేటర్లలో విద్యాసంవత్సరాన్ని ఎంచుకునే చోటు కూడా ఉంటుంది, అక్కడ నడుస్తున్న సంవత్సరం కాక పిల్లలు చేరబోయే సంవత్సరాన్ని ఎంచుకోవాలి. ఫలితం వచ్చిన పేజీని తేదీతో సహా దాచుకోవడం మంచిది. అద్దె ప్రకటనల వెబ్‌సైట్లు ఇంటి వివరాల కింద చూపించే బడుల పేర్లు డిస్ట్రిక్ట్ ఇచ్చిన హామీ కాదు, బడి సంగతి మీరే ధ్రువపరచుకోవాలని చాలావరకు ఆ ప్రకటనలోనే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

జోన్‌లో ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదన్న సంగతి చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తుంది. టెక్సస్‌లో నాలుగో తరగతి వరకు ఒక్కో తరగతి గదిలో 22 మందికి మించి ఉండకూడదని రాష్ట్ర చట్టం చెబుతుంది, డిస్ట్రిక్ట్ ప్రత్యేక మినహాయింపు తీసుకుంటే తప్ప. ఒక గ్రేడ్ (తరగతి) నిండిపోతే ఆ గ్రేడ్‌ను క్యాప్ చేసి, అంటే చేర్పులు ఆపేసి, కొత్తగా వచ్చినవారిని దగ్గరలోని ఇంకొక బడికి ఓవర్‌ఫ్లో కింద పంపే డిస్ట్రిక్టులు ఉన్నాయి. అంటే ఇంటి వాకిట్లోంచి బడి కనిపిస్తూ ఉన్నా, పిల్లవాడు బస్సెక్కి వేరే బడికి వెళ్లవలసి రావచ్చు. అందుకని అద్దె ఇంటి అప్లికేషన్ ఫీజు కట్టక ముందే ఆ బడిలో చేర్పులు చూసే రిజిస్ట్రార్‌కు ఫోన్ చేసి, పూర్తి చిరునామా చెప్పి, కొన్ని ప్రశ్నలు వరుసగా అడగాలి: రాబోయే సంవత్సరానికి ఈ చిరునామా మీ జోన్‌లోదేనా, మా పిల్లవాడు చేరబోయే గ్రేడ్ క్యాప్ అయిందా, క్యాప్ అయితే ఏ బడికి పంపుతారు, తరువాత ఇక్కడ ఖాళీ వస్తే వెనక్కి తీసుకుంటారా, తోబుట్టువులను ఒకే బడిలో ఉంచుతారా. ఫోన్‌లో విన్నదాన్ని అదే రోజు ఈమెయిల్‌లో రాసి ధ్రువీకరణ కోరితే, చాలామంది రిజిస్ట్రార్లు రెండు ముక్కలైనా జవాబిస్తారు. వేసవి మధ్యలో చాలా బడుల ఆఫీసులు కొన్ని వారాలు మూసి ఉంటాయి కనుక, అప్పుడు డిస్ట్రిక్ట్ కేంద్ర కార్యాలయంలోని ఎన్‌రోల్‌మెంట్ విభాగాన్ని అడగాలి.

గీతలు శాశ్వతం కావు. జనాభా పెరిగే చోట కొత్త బడి కట్టి హద్దులు మళ్లీ గీస్తారు, పిల్లల సంఖ్య తగ్గే చోట బడులనే మూసేస్తారు. ప్లేనో ఐఎస్‌డీ బోర్డు 2024 జూన్‌లో నాలుగు బడులను మూయాలని తీర్మానించింది. పేరున్న డిస్ట్రిక్ట్ కాబట్టి ఇలాంటివి జరగవనుకోవడానికి వీల్లేదని దీనివల్ల తెలుస్తుంది. డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో రీజోనింగ్ లేదా బౌండరీ అన్న మాటలతో వెతికితే, బోర్డు సమావేశాల అజెండాల్లో ప్రతిపాదిత పటాలు దొరుకుతాయి. అద్దెకు చూస్తున్న ఇల్లు జోన్ అంచున ఉంటే ఈ పని తప్పనిసరి, జోన్ నడిబొడ్డున, బడికి నాలుగు వీధుల దూరంలో ఉంటే గీత మారే అవకాశం తక్కువ. ఒకే అద్దెకు రెండు ఇళ్లు దొరికినప్పుడు నేనైతే కొత్త ఫ్లోరింగు వేసిన అంచు ఇంటిని వదిలి, పాత కార్పెట్ ఉన్న నడిమి ఇంటినే తీసుకోమంటాను.

రేటింగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బడులకు రేటింగ్ ఇచ్చే గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైటు పదికి ఇచ్చే అంకెకు రాష్ట్ర పరీక్షల ఫలితాలే ప్రధాన ఆధారం. తొమ్మిదికీ పదికీ మధ్య తేడా కోసం నెలనెలా వందల డాలర్లు అదనంగా పోయడం నా దృష్టిలో దండుగ. అంతకంటే ఫీడర్ వరుస చూడటం ఉపయోగకరం: ఆ ఎలిమెంటరీ పిల్లలంతా ఒకే మిడిల్ స్కూల్‌కు వెళ్తారా, లేక అక్కడ చీలి రెండు బడులకు పోతారా అన్నది, రెండు మూడేళ్లు ఉండదలచిన కుటుంబానికి ఆ అంకె కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇళ్ల వేట దగ్గరికి వస్తే, జోన్ పటాన్ని పక్కన పెట్టుకుని, దాని లోపలి అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులను, టౌన్‌హోమ్ కాలనీలను ముందు గుర్తించాలి. మంచి పేరున్న జోన్లు కొన్నింటిలో అద్దెకు వచ్చేవి చాలావరకు సింగిల్ ఫ్యామిలీ (ఒక్క కుటుంబానికే కట్టిన విడి) ఇళ్లే కావచ్చు, అలాంటి చోట ఒక్క కాంప్లెక్సు ఉన్నా కొత్తగా వచ్చిన కుటుంబానికి అదే సులభమైన దారి, ఎందుకంటే కాంప్లెక్సుల్లో ఖాళీలు ఏడాది పొడుగునా వస్తుంటాయి, లీజు ముగింపు తేదీ గురించి మాట్లాడుకునే వీలు కూడా ఎక్కువ. వ్యక్తుల ఇళ్లు ఎక్కువగా వేసవిలో ఖాళీ అవుతాయి, పోటీ కూడా అప్పుడే ముదురుతుంది. టెక్సస్, జార్జియాల్లో బడులు ఆగస్టులోనే తెరుస్తారు కాబట్టి మే నెలకల్లా వెతకడం మొదలుపెట్టాలి. సెప్టెంబరులో తెరిచే న్యూజెర్సీ వైపు వారికి కొంచెం వెసులుబాటు ఉంటుంది.

ఇక్కడే ఏజెంట్ల తీరు కొందరికి విసుగు పుట్టిస్తుంది. ఈ బడి మంచిదేనా, ఇక్కడ మన వాళ్లు ఎక్కువా అని అడిగితే వారు సూటిగా జవాబు చెప్పరు. అది నిర్లక్ష్యం కాదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, జాతీయ మూలం వంటి వాటిని బట్టి ఇల్లు వెతుక్కునేవారిని ఒక పేటకు మళ్లించడం చట్టవిరుద్ధం కాబట్టి, బడుల గురించి అభిప్రాయం చెప్పడానికి కూడా వారు జంకుతారు. అదే చట్టానికి 1988లో వచ్చిన సవరణ ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు ఇవ్వననకూడదు. ఏజెంటును అడగవలసిన ప్రశ్న వేరు: ఈ హద్దు లోపల, ఈ అద్దెకు, ఈ తేదీ నుంచి ఏమేమి ఉన్నాయి?

అప్లికేషన్‌తో పాటు అడిగే కాగితాలను ముందే సిద్ధం చేసుకోవాలి. నెల జీతం అద్దెకు మూడు రెట్లు ఉండాలన్న షరతు చాలాచోట్ల కనిపిస్తుంది. క్రెడిట్ హిస్టరీ (అప్పులు తీర్చిన రికార్డు) లేని కొత్తవారు ఆఫర్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూపి, కొంత ఎక్కువ డిపాజిట్‌కు సిద్ధపడి ఒప్పించవలసి రావచ్చు. ఆ డిపాజిట్‌కు కూడా కొన్ని రాష్ట్రాల్లో గరిష్ఠ పరిమితి ఉంది: న్యూజెర్సీలో నెలన్నర అద్దె, కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి చాలామంది యజమానులకు ఒక నెల అద్దె. టెక్సస్ చట్టంలో అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. పోటీ ఉన్న జోన్లలో మోసాలు కూడా ఎక్కువ. యజమాని వేరే దేశంలో ఉన్నాడు, ఇల్లు చూడకుండానే డబ్బు పంపితే తాళం కొరియర్‌లో వస్తుందనే మాట వినిపిస్తే అక్కడితో ఆపేయాలి. ఇంటి యజమాని పేరు చాలా కౌంటీల ఆస్తిపన్ను వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది, లీజు మీద సంతకం చేసేవారి పేరు దానితో కలుస్తుందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు.

లీజు విషయంలో అద్దె అంకె కంటే గడువు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఫిబ్రవరిలో ముగిసే లీజు వల్ల సంవత్సరం మధ్యలో జోన్ దాటి ఇల్లు మారవలసిన పరిస్థితి రావచ్చు, అందుచేత మొదటి లీజును పదహారు నెలలకో పదిహేడు నెలలకో పెంచైనా సరే, జూన్ లేదా జూలైలో ముగిసేలా రాయించుకోవాలి. యజమానికి ఇల్లు అమ్మే ఉద్దేశం ఉందా అని సూటిగా అడగాలి. మామూలుగా గడువు ఉండగా ఇల్లు అమ్మినా లీజు కొత్త యజమానికి వర్తిస్తుంది, కానీ అమ్మకం జరిగితే ఇన్ని రోజుల్లో ఖాళీ చేయాలన్న షరతు ఏదో పేజీలో ఉంటే ఆ రక్షణ పోతుంది. ఆ షరతు కనిపిస్తే తీసేయమనాలి, యజమాని ఒప్పుకోకపోతే కనీసం విద్యాసంవత్సరం ముగిసేదాకా అది అమలు కాకూడదని రాయించాలి. తల్లిదండ్రులిద్దరి పేర్లు అద్దెదారులుగా, పిల్లల పేర్లు నివాసులుగా లీజులో ఉండేలా చూసుకుంటే బడిలో చేర్పించేటప్పుడు ప్రశ్నలు తగ్గుతాయి.

చేర్పించడానికి బడి అడిగేవి సాధారణంగా సంతకాలైన లీజు, కరెంటు లేదా నీటి బిల్లు, తల్లి లేదా తండ్రి గుర్తింపు కార్డు, పిల్లల జనన ధ్రువపత్రం, టీకాల రికార్డు, పాత బడి మార్కుల కాగితాలు. దిగిన వెంటనే బిల్లు రాదు కాబట్టి, కరెంటు కనెక్షన్ మీ పేరుకు మారినట్టు కంపెనీ ఇచ్చే పత్రం సరిపోతుందేమో అడగాలి. ఇండియా టీకా కార్డులోని తేదీలను అమెరికాలోని పిల్లల డాక్టరు చేత ఇక్కడి ఫారంలోకి ఎక్కించుకోవడానికి అపాయింట్‌మెంట్ దొరకడానికి ఆలస్యం కావచ్చు, దాన్ని ఇల్లు కుదరక ముందే తీసుకోవచ్చు. వీసా స్థితిని కారణంగా చూపి పిల్లలను చేర్చుకోకుండా ఉండటం కుదరదని 1982లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును బట్టి స్పష్టం, సోషల్ సెక్యూరిటీ నంబరు లేదన్న కారణంతో కూడా తిప్పి పంపకూడదు.

ఇల్లు దొరికేదాకా బంధువుల ఇంట్లో ఉండేవారికి, ఆ ఇంటి యజమాని సంతకంతో నివాస అఫిడవిట్ ఇచ్చి అక్కడి బడిలోనే చేర్పించే ఏర్పాటు చాలా డిస్ట్రిక్టుల్లో ఉంది. అయితే నిజంగా ఆ ఇంట్లో ఉంటేనే అది చెల్లుతుంది. ఒకచోట ఉంటూ స్నేహితుల చిరునామా ఇస్తే, డిస్ట్రిక్ట్ విచారణలో తేలినప్పుడు పిల్లలను బడి నుంచి పంపేయడమే కాక, టెక్సస్, న్యూజెర్సీ వంటి చోట్ల గడిచిన కాలానికి ట్యూషన్ (బడి చదువు ఫీజు) కట్టమని అడిగే అధికారం డిస్ట్రిక్టులకు ఉంది.

సంతకం చేసే ముందు బస్సు సంగతి కూడా కనుక్కోవాలి. టెక్సస్‌లో బడికి రెండు మైళ్లు, అంతకు మించిన దూరంలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకునే రాష్ట్రం రవాణా నిధులు ఇస్తుంది కాబట్టి, అంతకంటే దగ్గర ఇళ్లకు చాలా డిస్ట్రిక్టులు బస్సు నడపవు. ఇంట్లో ఒకే కారు ఉండి అది ఉదయం ఏడింటికే ఆఫీసుకు వెళ్లిపోయే కుటుంబానికి, బడికి మైలున్నర దూరంలోని ఇల్లు కంటే నడిచి వెళ్లగలిగే ఇల్లో, బస్సు వచ్చే మూడు మైళ్ల ఇల్లో నయం.