సార్వా పంటలో శ్రమ వాటా, అదృష్టం వాటా తేల్చుకునే పద్ధతి

సార్వా, అంటే వానాకాలపు వరి, మాసూళ్ళు (కోత, నూర్పిళ్ళు) ముగిసిన వారంలో గోదావరి డెల్టా పల్లెల్లో రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. బాగా పండినవారు తమ కష్టం ఫలించిందంటారు. పోగొట్టుకున్నవారు తమ రాత ఇంతేనంటారు. ఈ రెండు మాటలూ మరుసటి ఏటికి పనికిరావు. మొదటివారు కలిసివచ్చిన వాతావరణాన్ని తమ నేర్పుగా లెక్కవేసుకుని, ఆ ధైర్యంతో మరో ఐదెకరాలు కౌలుకు పట్టి అప్పులపాలు కావచ్చు. రెండోవారు దిద్దుకోదగిన పొరపాటును కూడా నుదుటి రాత మీదికి నెట్టి, మళ్ళీ అదే పొరపాటు చేయవచ్చు.

అందువల్ల మొట్టమొదట చేయవలసిన పని, ఫలితం తెలియకముందే రాసిపెట్టుకోవడం. పంట చేతికి వచ్చాక మనసు పాత ఆలోచనలను దానికి తగినట్టు మార్చి గుర్తుచేసుకుంటుంది కనుక, జ్ఞాపకాన్ని నమ్మడం మంచిది కాదు. ఒక నోటుపుస్తకంలో నారు పోసిన తేదీ, ఎంచుకున్న వంగడం, దాన్ని ఎంచుకున్న కారణం, ఆ రోజున కాలువ నీటి గురించీ వాన గురించీ తెలిసిన సంగతులూ నాలుగు వాక్యాల్లో రాయాలి. ఉదాహరణకు, మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, సుమారు 150 రోజుల పంట. జూన్ మొదట్లో నారు పోస్తే నవంబరు మొదట్లో కోతకు వస్తుంది. నెల ఆలస్యమైతే, తుఫానులు వచ్చే కాలంలో పైరు మరో నెల చేలోనే నిలబడి ఉంటుంది. ఆలస్యంగా పోసి కూడా వాన తప్పించుకున్న రైతు తన నిర్ణయం సరైనదని అనుకోకూడదు. అది పొరపాటే, ఆ ఏటికి శిక్ష పడలేదు, అంతే.

పంట వచ్చాక నష్టాన్నైనా లాభాన్నైనా మూడు పద్దుల కింద రాయాలి: నా చేతిలో ఉన్నది, ఊరి చేతిలో ఉన్నది, ఆకాశం చేతిలో ఉన్నది. చాలామంది మొదటిదాన్నీ మూడోదాన్నీ మాత్రమే చూస్తారు; నా దృష్టిలో డెల్టాకు అన్నిటికన్నా ముఖ్యమైనది రెండోది. మురుగు కాలువ గుర్రపుడెక్క, తూడు వంటి నీటి కలుపుతో పూడిపోయి, రెండు రోజుల్లో దిగిపోవలసిన నీరు వారం రోజులు చేలో నిలిస్తే, అది ఒక రైతు సోమరితనమూ కాదు, విధి రాతా కాదు. అందరూ కలిసి చేయించుకోవలసిన పని మిగిలిపోవడం. కోనసీమ రైతులు 2011 సార్వాలో పంట విరామం, అంటే ఆ పంటకాలానికి వరి వేయబోమని ప్రకటించినప్పుడు వారు చెప్పిన గిట్టుబాటు ధర, కూలి ఖర్చుల వంటి కారణాలేవీ ఒంటరి రైతు కష్టంతో తీరేవి కావు. ఈ పద్దులో రాసినదాన్ని దురదృష్టం అని వదిలేయకుండా, కాలువలు కట్టేసే వేసవిలోనే పూడిక తీయించమని పదిమంది కలిసి అడగాలి.

ఏది ఏ పద్దులోకి వస్తుందో తెలియకపోతే, ఒకే మురుగు కాలువ కింద ఉన్న పదిమంది చేలతో మీ చేనును పోల్చి చూడండి. అందరివీ మునిగితే మీ తప్పు చిన్నది. సగంమందికి పంట నిలబడితే వారి దగ్గరికి వెళ్ళి, నాట్లు ఎప్పుడు వేశారో, ఎరువు ఎంత వేశారో, బోదెలు (చేలోని చిన్న కాలువలు) ఎప్పుడు తీశారో అడగాలి. ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పకండి. నాలుగైదు సార్వాలు చూస్తేనే నేర్పు జాడ కనిపిస్తుంది. రొయ్యల చెరువులకు ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే తెల్లమచ్చ వ్యాధి పక్క చెరువు దాకా వచ్చి ఆగిన ఏడాది ఎవరి లాభమైనా వారి నేర్పులాగే కనిపిస్తుంది.

మూడో పద్దును చిన్నచూపు చూడకూడదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు కోనసీమలో ఏళ్ళ తరబడి కంటికి రెప్పలా పెంచిన కొబ్బరి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. ఆ తోటల యజమానులలో ఎవరు తక్కువ కష్టపడ్డారని అనగలం? గోదావరి నీటిని ఈ పొలాలకు మళ్ళించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తికాకముందు ఈ నేలను దున్నినవారి చెమట మన చెమటకన్నా తక్కువదేమీ కాదు. మనం ఆ తరువాత పుట్టాము.

అయితే ఆకాశాన్ని ఆపలేకపోయినా, దాని దెబ్బకు ఎంత మేర ఎదురుగా నిలబడాలో కొంతవరకు మనమే నిర్ణయించుకోవచ్చు. ఉన్న చేనంతటా ఒకే వంగడం వేయకుండా, పంటకాలం వేరుగా ఉన్న రెండు వంగడాలు వేయండి. కోసిన పనలు వానకు తడిస్తే, మొలకలు రాకుండా లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణాన్ని వాటిపై చల్లండి.

చివరిగా కౌలు విషయం. వాన ముంచిన ఏడాది కూడా భూయజమానికి ఇవ్వవలసిన బస్తాలు తగ్గకపోతే, ఆకాశం పద్దులోని నష్టమంతా కౌలురైతు ఒక్కడి నెత్తిన పడుతుంది. ఇది అన్యాయం. పంట పోయాక అడిగితే అది వేడుకోలు అవుతుంది కనుక, పంట ఎలా వస్తుందో ఇద్దరికీ తెలియని సమయంలో, కౌలు మాట్లాడుకునే రోజునే, చేను మునిగితే ఎన్ని బస్తాలు తగ్గించాలో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి.