తెల్లబట్టతో దురద ఉన్నప్పుడు ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

విరిగిన పాలలా గడ్డలుగా తెల్లబట్ట అవుతూ, యోనిద్వారం ఎర్రబారి విపరీతమైన దురద, మూత్ర విసర్జనలో మంట ఉంటే, దానికి కారణం చాలావరకు కాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, షుగరు అదుపు తప్పినప్పుడు ఇది పెరుగుతుంది కనుక, ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

బయటి భాగాన్ని మాత్రమే గోరువెచ్చని నీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో రుద్దకుండా అద్ది, వదులైన నూలు లోదుస్తులు ధరించాలి. దురద నిద్ర పట్టనివ్వకపోతే, చన్నీటిలో తడిపి పిండిన గుడ్డను కాసేపు పైన ఉంచుకోవచ్చు.

పెరుగు తినండి, లోపల పూయకండి. వెల్లుల్లి రెబ్బలు, వేపనీరు, నిమ్మరసం లోపలికి చేరిస్తే సున్నితమైన పొర కాలినట్టు మండుతుంది. పైగా లోపల కడగడం వల్ల అక్కడి పీహెచ్‌ను (ఆమ్లత కొలతను) 3.8 నుంచి 4.5 మధ్య నిలిపే మేలుచేసే బాక్టీరియా దెబ్బతింటుంది.

ఈ జాగ్రత్తలు ఉపశమనాన్నిస్తాయే గాని ఫంగస్‌ను నిర్మూలించవు. అందుకు క్లోట్రిమజోల్ వంటి మందు కావాలి. మొదటిసారి వచ్చినా, గర్భిణి అయినా, షుగరు ఉన్నా, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా ముందుగా వైద్యురాలిని కలవాలి. చేపల వాసనతో పలుచని స్రావం అవుతుంటే అది వేరే ఇన్ఫెక్షన్; దానికి ఈ మందు పనిచేయదు.