చిత్తూరు నుంచి విదేశానికి సరుకు: ఓడ దారి మేలా, భూమార్గం మేలా? లెక్క ఇలా వేయండి

చిత్తూరు మామిడి గుజ్జును మాస్కోకి పంపాలంటే ఫార్వర్డర్లు (సరుకు రవాణా ఏజెంట్లు) మూడు దారులు చెబుతారు. చెన్నైలో ఓడెక్కించి సూయజ్ మీదుగా సెయింట్ పీటర్స్‌బర్గ్ చేర్చడం ఒకటి. ముంద్రా నుంచో ముంబై పక్కనున్న న్హవా షేవా నుంచో ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కి, అక్కడ దింపి లారీలోనో రైల్లోనో అజర్‌బైజాన్ మీదుగా రష్యాకి పంపడం రెండోది. చెన్నై నుంచి వ్లాదివోస్తోక్‌కి ఓడ, ఆపై 9,288 కిలోమీటర్ల ట్రాన్స్ సైబీరియన్ రైలు మూడోది. ఈ మూడు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టి తక్కువదాన్ని ఎంచుకోవడంతోనే నష్టం మొదలవుతుంది. ఒకరు రేవు దాకా రేటు ఇస్తారు, ఇంకొకరు గోడౌన్ దాకా ఇస్తారు.

1. ముందు సరుకు రోజు ఖరీదు కట్టండి

అసలు నిర్ణయం ఇక్కడే తేలిపోతుంది. గుజ్జు డ్రమ్ములో 215 కిలోలు పడుతుంది. ఇరవై అడుగుల కంటైనర్లో ఒకదాని మీద ఒకటిగా రెండు అంతస్తుల్లో 80 డ్రమ్ములు, అంటే 17.2 టన్నులు. కిలో 70 రూపాయలనుకుంటే కంటైనర్ విలువ 12.04 లక్షలు. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 శాతమైతే, దారిలో ఉన్న ప్రతి రోజుకీ పడే వడ్డీ సుమారు 396 రూపాయలు. ఇరవై రోజులు ముందే చేరినా మీకు మిగిలేది ఎనిమిది వేల లోపే. కాబట్టి వేగం పేరు చెప్పి ఎవరైనా లక్ష రూపాయలు ఎక్కువ అడిగితే మర్యాదగా వద్దనండి. అసెప్టిక్ సంచిలోని (సూక్ష్మజీవులు లేకుండా నింపి మూసిన సంచి) గుజ్జు ఏడాదిన్నర దాకా నిలవ ఉంటుంది, దానికి తొందరేమీ లేదు.

అదే శ్రీసిటీలో తయారైన ఎలక్ట్రానిక్స్ కంటైనర్ విలువ నాలుగు కోట్లనుకోండి. రోజు వడ్డీ 13,150 రూపాయలు, ఇరవై రోజులకి 2.63 లక్షలు. ఇక్కడ లక్ష ఎక్కువైనా వేగమైన దారే లాభం. తిరుమల తలనీలాల్లాగా బరువు తక్కువై ధర ఎక్కువైతే విమానాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. కుప్పం గ్రానైటుకి ఇంత లెక్క అక్కర్లేదు, ఓడే దారి.

ఒక మినహాయింపు ఉంది. సరుకు అందక కొనుగోలుదారు ఫ్యాక్టరీ ఆగిపోతుందంటే వడ్డీ లెక్క పక్కన పెట్టి, ఆలస్యానికి కాంట్రాక్టులో రాసుకున్న జరిమానాతో పోల్చండి.

2. మూడు కొటేషన్లకూ ఒకే మొదలు, ఒకే చివర

మీ ఫ్యాక్టరీ గేటు నుంచి కొనుగోలుదారు గోడౌన్ దాకా అన్ని ఖర్చులూ ఒకే కాగితం మీద రాయండి: లోడింగ్, రేవు దాకా లారీ (చెన్నైకైతే సుమారు 150 కిలోమీటర్లు), రేవు చార్జీలు, ఓడ బాడుగ, మధ్యలో ఓడ మార్పు, సరిహద్దు కస్టమ్స్, అవతలి లారీ, ఖాళీ కంటైనర్ వాపసు.

చివరిది చాలామంది మరిచిపోతారు. కంటైనర్ ఓడ కంపెనీది. దాన్ని లోపలి ఊళ్లో వదిలేస్తే తిరిగి రేవు చేర్చే ఖర్చు మీదే, గడువు దాటితే డిటెన్షన్ అనే రోజువారీ రుసుము కూడా. భూమార్గం కొటేషన్ చవగ్గా కనిపించిందంటే ముందు ఈ గడి నింపారో లేదో చూడండి.

ఇంకో సంగతి. పాకిస్తాన్ దారి మూసి ఉంది కాబట్టి, పడమర దేశాలకి మన 'భూమార్గం' కూడా ఓడతోనే మొదలవుతుంది. అంటే రెండు రేవుల చార్జీలు అందులోనూ తప్పవు. ఓడ లేకుండా లారీలోనే సరుకు చేర్చగలిగేది నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మయన్మార్‌లకే.

3. రోజులు మీరే లెక్కించండి

ఓడ ప్రయాణానికి సూత్రం తేలిక: నాటికల్ మైళ్లను, గంటకి వేగాన్ని 24తో గుణించగా వచ్చిన అంకెతో భాగించండి. చెన్నై నుంచి వ్లాదివోస్తోక్ సుమారు 5,600 నాటికల్ మైళ్లు. గంటకి 14 మైళ్ల వేగంతో 17 రోజులు. దీనికి రేవులో ఓడ కోసం ఆగే రోజులు, ఓడ మారే రోజులు కలపండి. ఓడ మారే చోటే సరుకు వారాల తరబడి పడి ఉంటుంది, కాబట్టి నేరుగా వెళ్లే ఓడ ఉందో లేదో మొదట అడగండి.

పైన చెప్పిన రెండో దారిని, అంటే ఇరాన్ కారిడార్‌ని చూడండి. దీని పొడవు 7,200 కిలోమీటర్లు. ఈ దారి కోసం 2000లోనే భారత్, రష్యా, ఇరాన్‌ల మధ్య ఒప్పందం కుదిరినా, ఉత్తర ఇరాన్‌లో రష్త్–అస్తారా మధ్య 162 కిలోమీటర్ల రైలు మార్గం కోసం రష్యా, ఇరాన్ ఒప్పందం చేసుకున్నది 2023లో. ఆ ముక్క లేని చోట సరుకు లారీకి మారాలి. పైగా ఇరాన్ పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు, అజర్‌బైజాన్, రష్యాల్లో 1,520. ఆ వెడల్పు మారే సరిహద్దు దగ్గర వ్యాగన్‌నైనా, దాని చక్రాల చట్రాన్నైనా మార్చాలి. ప్రతి మార్పిడికీ క్రేను, క్యూ, కొంత దెబ్బ.

సముద్రమూ నమ్మకమైనదేం కాదు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి, యూరప్‌కి 10–14 రోజులు అదనం. అందుకే ఫార్వర్డర్ చెప్పిన తక్కువ రోజులు కాదు, గత ఆరు నెలల్లో అతను పంపిన సరుకుకి అన్నిటికన్నా ఎక్కువ పట్టిన రోజులు అడిగి వాటితో లెక్క వేయండి.

4. కాగితాలు, డబ్బు

ఓడకిచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకు మీద హక్కు పత్రం. అది మీ చేతిలో ఉన్నంతవరకు సరుకూ మీదే. దేశాల మధ్య నడిచే లారీ, రైలు రసీదులకి (కన్‌సైన్‌మెంట్ నోట్లకి) ఆ బలం లేదు, ఆ రసీదు లేకుండానే అవతలివాడు సరుకు విడిపించుకోవచ్చు. ఎల్సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, పత్రాలు చూపితే డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) మీద అమ్ముతుంటే, 1993 చట్టం కింద రిజిస్టరైన మల్టీమోడల్ ఆపరేటర్ (ఓడ, రైలు, లారీ అన్నీ కలిపి రవాణా చేసేవారు) దగ్గర బదిలీకి వీలున్న పత్రం తీసుకోండి, లేకపోతే ముందు డబ్బు పుచ్చుకోండి. ఇరాన్ మీద ఆంక్షలున్నాయి కాబట్టి కొటేషన్ అడగకముందే మీ బ్యాంకును, ఇన్సూరెన్సు కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

ఓడైనా ఇన్సూరెన్సు తప్పనిసరి. 2021లో సూయజ్‌లో ఆరు రోజులు ఇరుక్కున్న ఎవర్ గివెన్ అనే ఓడ యజమాని 'జనరల్ యావరేజ్' ప్రకటించాడు. అలాంటప్పుడు మీ సరుకు చెక్కుచెదరకపోయినా, ఓడను బయటపడేసిన ఖర్చులో మీ వాటాకి పూచీ ఇచ్చాకే కంటైనర్ వదులుతారు.

5. వాతావరణం

సైబీరియా రైల్లో చలికాలం గుజ్జు గడ్డకట్టి ఉబ్బుతుంది, సంచి అతుకులు విడిపోతాయి. చిన్న రంధ్రం ఒక్కటున్నా డ్రమ్ము మొత్తం పులుస్తుంది. ఎండాకాలం బందర్ అబ్బాస్ యార్డులో ఇనుప పెట్టె కాగిపోయి గుజ్జు రంగు ముదురుతుంది, రంగు చూసి ధర తగ్గిస్తారు. కొత్త దారిలో మొదట ఒక్క కంటైనరే పంపండి. తలుపు దగ్గరి డ్రమ్ము మీద ఒకటి, లోపలి చివర ఒకటి ఉష్ణోగ్రత లాగర్లు (దారి పొడవునా ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరాలు) కట్టి, వాటిని తీసి రీడింగులు పంపే బాధ్యత ఎవరిదో కాంట్రాక్టులోనే రాయించండి.